డిసెంబర్‌లో కేదార్‌కంఠ బుక్ చేసేశాం, నెల్లూరులో ఉండి ఎట్లా తయారవ్వాలి?

పెన్నాగట్టు:

అందరికీ నమస్కారం. నాది నెల్లూరు. వయసు 36, బరువు 84 కేజీలు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కుర్చీ ఉద్యోగం. మా ఫ్రెండ్స్‌లో ఒకడు యూట్యూబ్‌లో మంచు వీడియోలు చూసి చూసి ఆ పిచ్చి మాకందరికీ అంటించాడు. ఏదో మాటల్లో "సరే పోదాం" అన్నాను, వాడు ఆ రాత్రే నలుగురికీ డబ్బులు కట్టేశాడు. డిసెంబర్ మూడో వారం, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ. సాంక్రీ అనే ఊళ్ళో మొదలుపెట్టి నాలుగైదు రోజులు నడవాలంట, శిఖరం 12,500 అడుగులు. ఇప్పుడు సెప్టెంబర్ సగం అయిపోయింది. అంటే చేతిలో మూడు నెలలు.

నా బాధ ఏందంటే, నేను జీవితంలో చూసిన చలి సంక్రాంతి ముందు తెల్లవారుజామున మైపాడు బీచ్‌లో చూసిందే. ఎక్కిన ఎత్తు మా ఫ్లాట్‌లో నాలుగో అంతస్తు, అది కూడా లిఫ్టు చెడిపోయినప్పుడు. కుడి మోకాలు అప్పుడప్పుడు కలుక్కుమంటుంది. మన ఊరేమో పళ్ళెంలా చదునుగా ఉంటుంది, కొండ ఎక్కడం యాడ నేర్చుకోవాలి? బూట్లు ఎట్లాంటివి కొనాలి, ఎంత పెట్టాలి? ఎత్తుకు పోతే ఆక్సిజన్ అందదు అంటున్నారు, దానికి మాత్ర ఏదో ఉందంట, ముందే వేసుకోవాలా?

ఇంకోటి, ఇది అసలు ప్రశ్న కాదేమో గానీ చెప్తున్నా. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు సంగం పక్కనే. అమ్మకి ట్రెక్కింగ్ అనగానే ఆ వైపు నుంచే వచ్చిన పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు గుర్తొచ్చి, "అంతటోడే తిరిగి రాలేదు, నీకెందుకురా" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆమెకి ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకుని కూర్చున్నాను.

కావలి డ్రిల్ మాస్టారు:

తమ్ముడూ, ముందు అమ్మగారి సంగతి. ఆమె భయాన్ని ఎగతాళి చెయ్యొద్దు, "ఏం కాదులేమ్మా" అని కొట్టిపారెయ్యొద్దు. మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లో ఏడు ఎత్తైన శిఖరాలు ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పోయి వాతావరణం చెడి చనిపోయాడు. ఆయన పోయింది ఆరున్నర వేల మీటర్లకు పైనున్న కొండ మీదికి. నువ్వు పోయేది 3,810 మీటర్లు, గైడు ఉంటాడు, గుంపు ఉంటుంది, దారి మధ్యలో టీ, మ్యాగీ అమ్మే గుడారాలు కూడా ఉంటాయి. ఈ తేడా ఆమెకి ఓపిగ్గా కూర్చుని చెప్పు. గైడు నంబరు, ఏ రోజు రాత్రి ఎక్కడ పడుకుంటారో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించు. ఏ రోజుల్లో ఫోన్ కలవదో ముందే చెప్పు. మొన్న మా స్కూల్ పిల్లల్ని క్యాంపుకి తీసుకుపోయినప్పుడు తల్లిదండ్రులతో ఇదే చేశాను. ఫోన్ కలవదని ముందే తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది.

ఇక సాధన. చదును ఊరు అని ఏడవొద్దు, నీ ఫ్లాట్ మెట్లే నీ కొండ. మొదటి మూడు వారాలు వారానికి ఐదు రోజులు గంటసేపు గబగబా నడక, అంతే, పరిగెత్తొద్దు, 84 కేజీలతో ఒక్కసారిగా పరుగు మొదలుపెడితే ఆ మోకాలు నిన్ను అక్టోబర్లోనే ఇంట్లో కూర్చోబెడుతుంది. తర్వాత నడకలో కొంచెం కొంచెం పరుగు కలుపు. చాలామంది నిర్వాహకులు 5 కిలోమీటర్లు 40 నిమిషాల లోపు పూర్తి చెయ్యగలవా అని అడుగుతారు, నవంబర్ చివరికి అది రావాలి. వారానికి రెండు రోజులు మెట్లు. ముందు ఖాళీ చేతులతో, తర్వాత బ్యాగులో ఇంట్లో ఉండే మొలగొలుకుల బియ్యం ఐదు కేజీలు సంచికి కట్టి పెట్టుకో, ఆఖరి నెలకి ఎనిమిది కేజీలు చెయ్యి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మెట్లు ఎక్కడం ఒక్కటే సాధన అనుకుని దిగడానికి లిఫ్టు ఎక్కుతారు. ఎక్కేటప్పుడు వచ్చేది ఆయాసం, కాసేపు నిలబడితే పోతుంది. దిగేటప్పుడు పోయేది మోకాలు, అది నిలబడితే పోదు. శిఖరం ఎక్కిన రోజు నువ్వు తెల్లవారుజామున మూడింటికి లేచి మంచులో ఎక్కి, అదే రోజు మధ్యాహ్నం దాకా దిగుతూనే ఉంటావు. కాబట్టి తొడ ముందు కండ గట్టిపడాలి. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో కూర్చో, 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా తీసుకురా. ఒక మెట్టు మీద నిలబడి, ఒక కాలు మెల్లగా కింది మెట్టుకు ఆనించి మళ్ళీ పైకి తెచ్చుకో, కాలికి పదిహేను సార్లు. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మోకాలు కలుక్కుమనడం నొప్పిగా మారితే మాత్రం ఆర్థో డాక్టర్‌కి చూపించాకే మిగతావి.

అక్టోబర్లో ఆదివారాలు జొన్నవాడ వైపు నరసింహకొండ, చిన్నదే, రెండు మూడు సార్లు ఎక్కి దిగు. మధ్యలో ఒకసారి తిరుమలకి అలిపిరి మెట్లు, 3,550. నవంబర్లో ఉదయగిరి దుర్గం. అది మూడు వేల అడుగుల పైన ఉండే కొండ, బండలు, ముళ్ళకంపలు, దారి ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు. కృష్ణదేవరాయలకే 1513, 14ల్లో ఆ కోట చేజిక్కడానికి ఏడాదిన్నర పట్టింది, నీకు ఒక పూట పడితే తప్పులేదు. రెండేసి లీటర్ల నీళ్ళ బాటిళ్ళు నాలుగు బ్యాగులో పెట్టుకుని ఎక్కు, అవే నీ బరువు. పైకి పోయాక మోకాలు మొరాయిస్తుంటే రెండు పారబోసి దిగు. బియ్యం అయితే పారబోయలేవు కదా.

ఒంగోలు పిల్ల:

మాస్టారు చెప్పింది నిజం అన్నా, నేను దిగేటప్పుడే దెబ్బతిన్నాను. రెండేళ్ళ కింద హిమాచల్‌లో హంప్తా పాస్ అనే కనుమ దాటే ట్రెక్‌కి పోయాను. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నాలుగు నెలలు కష్టపడ్డాను, ఊపిరి బ్రహ్మాండం. బూట్లు మాత్రం ప్రయాణానికి మూడు రోజుల ముందు కొన్నాను, మా ఊళ్ళోనే ఒక షాపులో. కొట్టతను "సరిగ్గా సరిపోయాయి మేడం" అన్నాడు, నేనూ అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఆ "సరిగ్గా" అన్న మాటే నా కొంప ముంచింది. పాస్ 4,270 మీటర్లు, అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. దాటి షియాగోరు క్యాంపు వైపు దిగుతుంటే నిటారుగా ఉంటుంది, అడుగు అడుగుకీ కాలి బొటనవేలు బూటు ముందు భాగానికి కొట్టుకుంటోంది. మొదటి గంట ఓర్చుకున్నా. గుంపులో నేనొక్కదాన్నే తెలుగమ్మాయిని, "అప్పుడే అయిపోయిందా" అనుకుంటారని గైడుకి చెప్పలేదు. క్యాంపుకి చేరి సాక్సు తీస్తే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నేరేడు పండు రంగులో ఉన్నాయి. తర్వాత రోజు చెప్పులతో నడిచాను, ఊరికి వచ్చిన నెలకి రెండు గోళ్ళూ ఊడిపోయాయి. గైడుకి చెప్పినప్పుడు అతను తిట్టిన తిట్టు ఇంకా గుర్తుంది, "మొదటి అరగంటలో చెప్పుంటే లేసు మార్చి కట్టేవాణ్ణి, అయిపోయేది" అని.

కాబట్టి బూట్లు ఈ నెలలోనే కొనండి. సాయంత్రం పూట షాపుకి పోండి, పొద్దుటికీ సాయంత్రానికీ పాదం కొంచెం ఉబ్బుతుంది. నడకకి వేసుకునే మందం సాక్సులు వేసుకుని చూడండి. లేసు కట్టకముందు కాలు ముందుకు తోసి, మడమ వెనక ఒక వేలు దూరితే అది మీ సైజు. మామూలు సైజు కన్నా ఒకటి ఎక్కువ వస్తుంది, పర్లేదు. చీలమండ కప్పేది, అడుగు గట్టిగా పట్టు ఉండేది తీసుకోండి. మూడు నాలుగు వేలల్లో మంచివే వస్తాయి, పది వేలు పెట్టాల్సిన పనిలేదు. మెట్లు, నరసింహకొండ, ఉదయగిరి అన్నీ ఆ బూట్లతోనే. ప్రయాణానికి రెండు రోజుల ముందు గోళ్ళు కత్తిరించుకోండి. దిగుడు మొదలయ్యే ముందు ఆగి, మడమని వెనక్కి తన్ని కూర్చోబెట్టి, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. పాదంలో ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆగి, మందుల షాపులో దొరికే పేపర్ టేపు అంటించెయ్యండి. బొబ్బ లేచాక ఏం చేసినా దండగే.

బట్టల గురించి మగవాళ్ళందరికీ ఒక మాట: కాటన్ బనియన్ ఇంట్లో వదిలెయ్యండి. మా గుంపులో ఒకాయన కింద బనియన్, దానిమీద థర్మల్, దానిమీద స్వెట్టర్, దానిమీద జాకెట్ వేసుకుని ఉల్లిపాయలా వచ్చాడు. ఎక్కేటప్పుడు చెమటకి బనియన్ తడిసింది, ఆగగానే అది ఒంటికి ఐసు గుడ్డలా అంటుకుని గంటసేపు వణికాడు. చెమట త్వరగా ఆరే సింథటిక్ టీషర్టు, పైన ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ స్వెట్టర్), ఆగినప్పుడు వేసుకోవడానికి లోపల మెత్త కుట్టిన జాకెట్, గాలికి వానకి ఒకటి, అంతే. నడుస్తున్నప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఒక జత థర్మల్, సాక్సులు విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, పగలు వాటిని ముట్టుకోవద్దు. పెద్ద జాకెట్, చేతి కర్రలు చాలాచోట్ల అద్దెకిస్తారు, ఒక్క ట్రిప్పుకి కొనకండి. మంచు మీద ఎండ పడితే కళ్ళు మండి నీళ్ళు కారతాయి, నల్లద్దాలు తప్పనిసరి.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. అక్కడ బాత్రూమ్ అంటే గుడారం లోపల తవ్విన గుంట, పక్కన మట్టి కుప్ప. మనకి నీళ్ళు లేకపోతే కుదరదు, ఆ చలిలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు పనిచెయ్యవు. టిష్యూలు, తడి టిష్యూలు, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి జిప్ కవర్. రాత్రి ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానెయ్యకండి, చాలామంది ఆడవాళ్ళు ఈ పని చేసే తలనొప్పి తెచ్చుకుంటారు, నాతో సహా.

చెట్టుకింద:

ముప్పై వేలు ఖర్చుపెట్టి వణకడానికి పోవడం ఎందుకన్నా. ఫ్రిజ్ డోరు తీసి ముందు కూర్చో, మ్యాగీ నేను పంపిస్తా.

నల్లమల నడక:

మాది మార్కాపురం. వయసు 61. నాకు హిమాలయాలు తెలియవు గానీ నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శివరాత్రికి శ్రీశైలం నడవడం పన్నెండు సార్లు చేశాను, అందుకని రెండు ముక్కలు.

మొదటి రోజు పరుగెత్తినవాళ్ళే రెండో రోజు కూర్చుంటారు. ఏటా చూస్తాను. కుర్రాళ్ళు "హరహర మహాదేవ" అని అరుస్తూ మమ్మల్ని దాటి పోతారు, సాయంత్రానికి వాళ్ళే ఒక చెట్టుకింద పిక్కలు పట్టుకుని కనిపిస్తారు, మేం పక్కనుంచి మెల్లగా దాటిపోతాం. నడుస్తూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కాలి, అక్కడ కూడా ఇదే లెక్క. మా గుంపులో ఎవడు నిదానమో వాణ్ణే ముందు నడిపిస్తాం, వెనక పెడితే వాడు అందుకోవాలని ఆయాసపడతాడు, ముందున్నవాళ్ళు కూర్చుని సేదతీరి, వాడు రాగానే లేచిపోతారు, వాడికి విశ్రాంతే దొరకదు. మీ నలుగురిలో ఎవరు నిదానమో ఇప్పుడే తేల్చుకోండి.

తిండి: పల్లీ చిక్కీ, ఎండు ఖర్జూరం, వేయించిన శనగలు జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. ఆకలి వేసేదాకా ఆగొద్దు.

రెండోది, సాధన కోసం మన అడవుల్లోకి ఇష్టమొచ్చినట్టు దూరొద్దు. నల్లమల పులుల అభయారణ్యం, శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖ దారి వదిలినప్పుడే మేం నడుస్తాం. మీ వైపు పెంచలకోన చుట్టూ కూడా అభయారణ్యమే. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, నలుగురు మగవాళ్ళు వీపున బ్యాగులతో, నెత్తిన లైట్లతో తెల్లవారుజామున చీకట్లో కనిపిస్తే అటవీశాఖ వాళ్ళు ట్రెక్కింగ్ అనుకోరు. ముందు రేంజ్ ఆఫీసులో అడగండి, ఊరివాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకెళ్ళండి, వెలుగులో ఎక్కి వెలుగుండగానే దిగండి. ఎండాకాలంలో అయితే అసలే వద్దు. 2018 మార్చిలో తమిళనాడు కురంగణిలో కొండ మీద కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కింగ్‌కి పోయినవాళ్ళు చనిపోయారు. ఎండిన గడ్డిలో నిప్పు మనిషి కన్నా వేగంగా కొండెక్కుతుంది. భైరవకోన, పెంచలకోన లాంటిచోట్ల బండల కింద తేనెపట్లు ఉంటాయి, అక్కడ సెంటు కొట్టుకోవడం, కేకలు వెయ్యడం వద్దు.

పెన్నాగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. చెట్టుకింద అన్నా, మ్యాగీ పంపు, డోరు తీసే ఉంచా. ఒక డౌటు: పైన తలనొప్పి వస్తే పారాసెటమాల్ వేసుకుని ఎక్కెయ్యొచ్చా? మా ఫ్రెండ్ "అదేం పెద్ద విషయం కాదు" అంటున్నాడు.

గూడూరు సిస్టర్:

ఆ ఫ్రెండ్ మాట వినొద్దు. నేను నర్సుని, లడఖ్ రెండుసార్లు పోయాను, మొదటిసారి ఈ తప్పు నేనే చేశాను.

ఆ తలనొప్పి ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి గుర్తు కావచ్చు. దాదాపు 2,500 మీటర్లు దాటాక ఆ జబ్బు ఎవరికైనా రావచ్చు, ఎంత కండలున్నా, ఎంత పరిగెత్తగలిగినా సంబంధం లేదు. గాల్లో ఆక్సిజన్ శాతం తగ్గదు, గాలి ఒత్తిడే తగ్గుతుంది, అందుకని ఒక్కో ఊపిరికి లోపలికి పోయేది తగ్గుతుంది. కేదార్‌కంఠ మీద సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే అనుకోండి. ఒళ్ళు దానికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదంటారు. మీ దారి చూడండి: సాంక్రీ 1,950 దగ్గర, మొదటి రాత్రి జుడా కా తలాబ్ 2,770 దగ్గర, రెండో రాత్రి బేస్ క్యాంప్ 3,400 పైన. రెండో రోజు ఎక్కేది ఆ లెక్క కన్నా ఎక్కువే. అందుకే ఆ రెండో రాత్రి గుడారాల్లో సగం మందికి నిద్ర పట్టదు. వీలుంటే నిర్వాహకులతో మాట్లాడి మధ్యలో ఒక రాత్రి కలిపించుకోండి, లేదా సాంక్రీలో ఒకరోజు ముందే దిగండి.

తలనొప్పికి మాత్ర వేసుకోవచ్చు, వేసుకుని ఎక్కకూడదు. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, ఒళ్ళు తూలడం ఉంటే ఆ రోజు అక్కడే ఆగాలి. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గీత మీద తిన్నగా నడవలేకపోవడం, మాట తికమక, ఇవి కనిపిస్తే రాత్రయినా సరే వెంటనే దించెయ్యాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. మీరడిగిన మాత్ర అసిటజోలమైడ్, బజారులో డయామాక్స్ అంటారు. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు వేసుకోకూడదు, కాబట్టి డాక్టర్‌ని అడిగే. వేసుకుంటే వేళ్ళు చిమచిమలాడతాయి, మాటిమాటికీ ఒంటేలుకి వస్తుంది, కంగారుపడకండి. చలికి ఒకటి, నిద్రకి ఒకటి అని పైకి మద్యం క్వార్టర్లు తెచ్చేవాళ్ళుంటారు. ఆ రెండో రాత్రికి అది విషంతో సమానం. బీపీ, షుగర్ పరీక్షలు కూడా ఇప్పుడే చేయించుకోండి, 36 ఏళ్ళు, కుర్చీ ఉద్యోగం, 84 కేజీలు, నా వార్డులో ఇట్లాంటివాళ్ళు చాలామంది కనిపిస్తారు.

పెన్నాగట్టు:

నవంబర్ 20. అప్‌డేట్ పెట్టమన్నారు కదా. బరువు 78కి వచ్చింది. 5 కిలోమీటర్లు 38 నిమిషాలు. బీపీ కొంచెం ఎక్కువుంటే డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు, అమ్మ ఆ సాకుతో నాకు ఊరగాయ బంద్ చేసింది. ఒకరోజు ముందే సాంక్రీ చేరేట్టు టికెట్లు మార్చుకున్నాం. ఫ్రిజ్ మీద కాగితం అంటించా, అమ్మ రోజూ దాన్ని చదువుతోంది, జుడా కా తలాబ్ అనే పేరు నాకన్నా బాగా పలుకుతోంది.

మొన్న ఆదివారం నలుగురం ఉదయగిరి పోయాం. ముందురోజు పడ్డ వానకి బండలు జారుతున్నాయి. ఊరాయన ఒకర్ని వెంట తీసుకుపోయాం, ఆయన హవాయి చెప్పులతో మా ముందు లేడిలా పోతున్నాడు. మా నలుగురిలో నిదానం ఎవరో తేలిపోయింది, ఈ ట్రెక్ బుక్ చేసినోడే. వాణ్ణే ముందు పెట్టాం, మొదట అలిగాడు గానీ తర్వాత బాగానే నడిచాడు. సగం దారిలో నాకు ఎడమ మడమ చురుక్కుమంది, సిగ్గుపడకుండా "ఆగండ్రా" అని కూర్చుని టేపు అంటించాను, బొబ్బ రాలేదు. ఒంగోలు చెల్లికి థ్యాంక్స్. వచ్చేటప్పుడు ఉదయగిరిలో చెక్క స్పూన్లు అమ్ముతుంటే ఒకటి కొన్నాను, చలిలో స్టీలు స్పూను పెదవికి అంటుకుంటుందేమో అని ఒక వంక.

కావలి డ్రిల్ మాస్టారు:

బాగుంది. ఎక్కడానికెంత, దిగడానికెంత? అది రాయలేదు.

పెన్నాగట్టు:

ఎక్కడానికి రెండున్నర గంటలు మాస్టారూ. దిగడానికి మూడు. రెండు బాటిళ్ళు పారబోశాను.